క్రోషా చేయి, జంట సూదులు: తిరువొత్తియూరులో మేము నేర్చుకున్నది



ఈసారి మేత గురించి కాదు, గూళ్ల ధర గురించి కాదు, చేతుల గురించి రాస్తున్నాం. మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్లు పంటకూ పంటకూ మధ్య దొరికే నాలుగు రోజుల్లో క్రోషా అల్లుకుంటారు. వాళ్లలో కొందరికి రెండు సూదులతో ఊలు అల్లడం, అదే నిట్టింగ్, నేర్చుకోవాలని ఉంటుంది. మాకూ ఉండింది. నేర్చుకున్నాం కూడా. కానీ మొదట సూదులు చూసి కొనుక్కోక ఒక పంటలో చాలా అవస్థ పడ్డాం. ఆ అవస్థ మీకు రాకూడదని ఇది రాస్తున్నాం.

మేమిద్దరం తోడికోడళ్లం. మాది పలమనేరు దగ్గర పల్లె. రెండు సంసారాలకూ కలిపి రెండెకరాల మల్బరీ, ఒకటే షెడ్డు. కొమ్మ కోత, మేత, పండిన పురుగుల్ని ఏరి చంద్రికలకు వేయడం, అన్నీ కలిసే చేసుకుంటాం. క్రోషా కూడా ఇద్దరికీ వచ్చు. బడిలో మాకు నేర్పిన కుట్టు టీచరమ్మది నరసాపురం. గోదావరి జిల్లాల్లో ఆ లేసు పని 1844 ప్రాంతంలో వచ్చిన మిషనరీల కాలం నుంచీ ఉందని ఆమే చెప్పేది. నరసాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ టీచరమ్మ దగ్గర నేర్చుకున్న చేయి మాది. సన్నని నూలు దారం, సన్నని స్టీలు కొక్కెం, బిగువైన పని. తెలిసిన ఈ పనే మాకు ఎక్కడ అడ్డం వచ్చిందో ముందు ముందు చెప్తాం.

మొదటి ప్రయాణం

మా ఆడపడుచును మద్రాసులో తిరువొత్తియూరుకు ఇచ్చారు. ఇరవై ఏళ్ల పైనే అయ్యింది. ఆమె కూతురికి శ్రీమంతం అంటే, గూళ్లు అమ్మేసి, షెడ్డు కడిగి, బ్లీచింగు, సున్నం చల్లే పని మగవాళ్లకు అప్పజెప్పి బస్సెక్కాం.

తిరువొత్తియూరు మనకు కొత్త ఊరేమీ కాదు. త్యాగరాజస్వామి, వడివుడై అమ్మన్ కొలువున్న పాత గుడి అక్కడిది. సంగీతం త్యాగయ్యగారు ఆ ఊరి త్రిపురసుందరి అమ్మవారి మీద తెలుగులోనే అయిదు కీర్తనలు కట్టారు. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఫ్యాక్టరీలు. మధ్యలో మెట్రో రైలు. కడుపుతో ఉన్న పిల్ల మార్గశిరంలో కంటుందని, బిడ్డకు టోపీ, చేతుల్లేని చిన్న స్వెటరూ అల్లాలని వదిన అప్పటికే ఊలు తెచ్చి పెట్టింది.

“మీకు క్రోషా వచ్చు కదమ్మా, ఇదెంత? రెండు రోజుల్లో పట్టేస్తారు” అంది వదిన.

మేమూ అదే అనుకున్నాం. సందు చివరి అంగడికి పోయి, ఉన్న రకంలోనే ఇద్దరికీ ఒకేలాంటి జతలు తెచ్చుకున్నాం. పొడుగాటి స్టీలు సూదులు, పది నంబరువి. ఎందుకు అవే అంటే, వదిన దగ్గర అవే ఉన్నాయి. ఇంకో కారణం లేదు.

తొమ్మిది రోజులు ఉన్నాం. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు సూదులు పట్టుకున్నాం. మాలో చిన్నామెకు చేయి వదులు. స్టీలు మీద కుట్లు జర్రున జారిపోయేవి. జారిపోతాయనే భయంతో సూదుల్ని గట్టిగా పట్టుకుని కూర్చునేది. పెద్దామెకు చేయి బిగువు. ఒక్కో కుట్టులో సూది దూర్చడానికి బొటనవేలితో తొయ్యాల్సి వచ్చేది. సూదుల వెనక కొనలు పొడుగై కుర్చీ చేతులకు తగిలేవి. తగలకుండా మోచేతులు పైకెత్తి అల్లింది. మూడో రోజుకే ఆమె కుడి మణికట్టు దగ్గర బొటనవేలి మొదట్లో సలుపు మొదలైంది. “కొత్త పని కదా, అదే సర్దుకుంటుంది” అనుకున్నాం. సర్దుకోలేదు.

పంటలో తగిలిన దెబ్బ

ఊరికి వచ్చిన నాలుగో రోజుకే చాకీ పురుగులు దిగాయి. మూడో జ్వరం దాకా మేత తక్కువ కాబట్టి ఎట్లో నెట్టుకొచ్చాం. నాలుగో జ్వరం లేచాక రోజూ మోపులు మోపులు కొమ్మ కొయ్యాలి కదా. కత్తెర పట్టుకుంటే పెద్దామెకు వేలు మొదలు నుంచి మోచేయి దాకా మంట. పురుగులు పండే రోజుకు ఆమె ఒక్క చేత్తోనే ఏరుతోంది.

మీకు చెప్పాల్సిన పని లేదు. పండిన పురుగు మన కోసం ఆగదు. ఆలస్యమైతే పడకలోనే, ఆకుల మధ్యలోనే దారం వదులుతుంది. ఆ దారం మనది కాదు, గూడు పలచబడుతుంది. ఇద్దరు కూలీలను పిలిచాం. వాళ్లకు కూలి పోయింది, ఆలస్యానికి కొన్ని గూళ్లు పలచగా వచ్చాయి. ఊడిపోయేంత నష్టం కాదు. కానీ కావాలని తెచ్చుకున్న నష్టం.

డాక్టరమ్మ చూసి, బొటనవేలిని కదిలించే నరం దగ్గర వాపు అంది. పట్టీ వేసి ఆ వేలికి విశ్రాంతి ఇవ్వమంది. “సూదులొక్కటే కారణం కాదు. ఏడాదంతా కత్తెర పట్టిన చేయి. అలిసిన చేతి మీద ఇంకో బరువు వేశారు” అంది. ఆ మాట మాకు బాగా పట్టింది. ఊళ్లో ఖాళీగా ఉండేవాళ్లకు ఏ సూది అయినా పరవాలేదేమో. మన చేతులకు అట్లా కాదు, మేతకు ముందే సగం అలిసి ఉంటాయి. కాబట్టి సూది మన చేతికి సరిపోవాలి, చేయి సూదికి సర్దుకోవాలనుకుంటే దెబ్బ మనకే.

తెలిసిన పనే ఎట్లా అడ్డం వచ్చింది

క్రోషాలో కొక్కెం మీద ఎప్పుడూ ఒకటి రెండు కుట్లే ఉంటాయి. మిగిలిన పనంతా కింద వేలాడుతుంది, దాని బరువు మనకు తెలియదు. నిట్టింగులో ఒక వరుసలోని కుట్లన్నీ సూది మీదే ఉంటాయి. స్వెటరు పెరిగేకొద్దీ ఆ బరువంతా మణికట్టు మొయ్యాలి. ఇది మొదటి తేడా.

రెండోది, సన్న లేసుకు దారం బిగించి పట్టాలి. బిగువుంటేనే పువ్వు నిలబడుతుంది. నిట్టింగులో ఆ బిగువు పనికిరాదు. కుట్టు సూది మీద సులువుగా జారాలి, పక్క సూది అందులోకి సులువుగా దూరాలి. బాగా నేర్చుకున్న క్రోషా చేయికే ఇది కష్టం. ఏమీ రాని పిల్ల మా కంటే ముందు నేర్చుకుంటుంది.

మూడోది పిడి. క్రోషా కొక్కేనికి లావాటి రబ్బరు పిడి దొరుకుతుంది. దారం చుట్టుకునేది కొన దగ్గర కాబట్టి పిడి ఎంత లావైనా కుట్టు మారదు. నిట్టింగు సూదికి అట్లా లావు పిడి పెట్టలేరు. సూది లావే కుట్టు సైజు, కుట్లు దాని మీదుగా పోవాలి. అందుకే పట్టుకోవడంలో సుఖం వేరే చోట వెతకాలి: సూది బరువు, పొడుగు, నునుపు, మొన.

అయితే క్రోషా వచ్చినవాళ్లకు ఒక లాభం కూడా ఉంది. మనం దారాన్ని ఎడమ చేతి వేళ్ల మీద నడుపుతాం. నిట్టింగులోనూ అట్లా ఎడమ చేత్తో దారం పట్టి, కుడి సూది మొనతో లాక్కునే పద్ధతి ఉంది. యూరప్‌లో చాలా దేశాల్లో అట్లానే అల్లుతారు. మన దగ్గర కొందరు కుడి చేత్తో దారాన్ని సూది చుట్టూ విసిరి అల్లుతారు, వదిన పద్ధతి అదే. ఆమెను చూసి మేమూ విసరబోయి ప్రతి కుట్టుకూ మణికట్టు తిప్పాం. ఎడమ చేతికి మార్చాక ఆ తిప్పుడు చాలా తగ్గింది. ఉల్టా కుట్టు మాత్రం ఈ పద్ధతిలో మొదట కాస్త సతాయిస్తుంది. ఓపిక పట్టాలి.

రెండో ప్రయాణం

బిడ్డ పుట్టాడని ఫోను వచ్చేసరికి మళ్లీ గూళ్లు అమ్మేసి ఉన్నాం. పెద్దామె చేయి నెమ్మదించింది. ఈసారి సందు చివరి అంగడికి పోలేదు. తేరడి స్టేషన్‌లో మెట్రో ఎక్కి హైకోర్టు దగ్గర దిగి, ప్యారీస్ సందుల్లో ఊలు, కుట్టు సామాన్లు అమ్మే కొట్లు తిరిగాం. మిగిలిన ఊలు ఉండ ఒకటి సంచిలో వేసుకుపోయాం. “ఒక్క వరుస అల్లి చూసి కొంటాం” అంటే ఒక కొట్టాయన ఒప్పుకోలేదు. పక్క కొట్టాయన నవ్వి స్టూలు వేశాడు. అక్కడే కొన్నాం.

ఆ రోజు ఒకే ఊలుతో, ఒకే సైజులో నాలుగు రకాలు పట్టుకుని చూశాం. మాలో చిన్నామె వెదురు సూది పట్టుకోగానే భుజాలు దిగాయి. కుట్టు జారడం లేదు, గట్టిగా పట్టుకునే పని లేదు. అదే వెదురు పెద్దామె పడితే కుట్టు కదలదు. ఆమె బిగువు, తీరం ఊళ్లో చేతి చెమట, వెదురు పట్టు, మూడూ కలిసి మళ్లీ బొటనవేలితో తొయ్యాల్సి వచ్చింది. ఆమెకు నున్నగా పాలిష్ పట్టిన రంగు చెక్క సూది కుదిరింది. అల్యూమినియం కూడా బాగానే జారింది, తేలిగ్గానే ఉంది.

ఇద్దరం ఒకే ఇంటివాళ్లం, ఒకే టీచరమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్లం. అయినా ఒకరికి పనికొచ్చిన సూది ఇంకొకరికి పనికి రాలేదు. మొదటిసారి ఇద్దరికీ ఒకే జత కొనడమే మా తప్పు.

కొనేటప్పుడు ఏం చూడాలి

1. ముందు మీ చేయి చూసుకోండి. మీ క్రోషా పనిని చూడండి. మళ్లీ కొక్కెం దూర్చడానికి కష్టపడేంత బిగువుగా ఉంటే, నున్నటి సూది తీసుకోండి: పాలిష్ చెక్క గానీ, తేలికైన అల్యూమినియం గానీ. మీ పని వదులుగా, సాగి ఉంటే వెదురు తీసుకోండి. స్టీలు బాగా జారుతుంది, బరువు కూడా. చేయి కుదిరాక చూసుకోవచ్చు. తీరం ఊళ్లలో ఉప్పు గాలికి పూత పోయిన స్టీలుకు తుప్పు పడుతుంది, ఆ మరక ఊలుకు అంటుతుంది.

2. తీగ సూదులు అడగండి. రెండు పొట్టి సూదుల మధ్య మెత్తటి ప్లాస్టిక్ తీగ ఉంటుంది. అంగట్లో సర్క్యులర్ అంటారు. గుండ్రంగా అల్లడానికే అనుకోకండి, అటూ ఇటూ తిప్పుతూ చదరంగానూ అల్లొచ్చు. అల్లిన బరువంతా తీగ మీద, అంటే మన ఒడిలో ఉంటుంది. మణికట్టు మీద పడదు. మోచేతులు ఎత్తే పని లేదు, బస్సులో పక్కవాళ్లను పొడిచే భయం లేదు. మాకు నొప్పి తగ్గడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. 80 సెంటీమీటర్ల తీగ అయితే చాలా పనులకు వస్తుంది.

3. అతుకు తడిమి చూడండి. సూదీ తీగా కలిసే చోట గోరు నడపండి. గోరు తగిలితే ప్రతి కుట్టూ అక్కడ తగులుతుంది, ప్రతిసారీ మీ బొటనవేలే తొయ్యాలి. అట్లాంటిది చవకైనా వద్దు. తీగ చుట్టలు చుట్టుకుపోయి ఉంటే వేడి నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి సాగదీస్తే సరిపోతుంది.

4. మరీ సన్నం, మరీ లావు వద్దు. 4 నుంచి 5 మిల్లీమీటర్ల మధ్య మొదలుపెట్టండి. సన్నని సూదికి వేళ్లు గట్టిగా ముడుచుకోవాలి, మరీ లావు సూదిని తిప్పడానికి చేయంతా కదలాలి. రెండూ అలుపే.

5. నంబరు కాదు, మిల్లీమీటర్లు అడగండి. మన అంగళ్లలో పాత ఇంగ్లండు నంబర్లు నడుస్తాయి. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. 10 నంబరు అంటే 3.25 మిల్లీమీటర్లు, 8 అంటే 4, 7 అంటే 4.5, 6 అంటే 5. అమెరికా నంబర్లు దీనికి తలకిందులు, అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు. వీడియో చూసి 8 నంబరు కొంటే మీ టోపీ బొమ్మకు కూడా పట్టదు.

6. మొన చూడండి. మరీ వాడి మొన అయితే ఎడమ సూదిని వేలితో వెనక్కి నెట్టేటప్పుడు వేలు పుండవుతుంది, వదులు పురి ఊలును చీలుస్తుంది. మరీ మొద్దు అయితే బిగువు చేతివాళ్లకు దూరదు. నేర్చుకునేటప్పుడు మధ్యరకం మంచిది.

7. పేరున్నవి మన దేశంలోనే తయారవుతాయి. పోనీ సూదులు నీలగిరుల్లో, ఊటీ దగ్గర చేస్తారు. రంగు రంగుల చెక్క సూదులు చేసే నిట్‌ప్రో కూడా మన దేశపుదే. నాలుగు పలకల సూదులు కూడా వస్తున్నాయి, గుండ్రటివి వేళ్లలో తిరిగిపోతున్నాయనేవాళ్లు ఒకసారి పట్టుకుని చూడొచ్చు. కానీ పేరు చూసి పెట్టె మొత్తం కొనకండి. ఒక్కటి కొని, వారం అల్లి, తర్వాత రెండోది.

ఇంకో మాట. తిరువొత్తియూరు కడలి ఒడ్డున వలలు బాగుచేసేవాళ్లను ఒక పొద్దున చూశాం. వల ఒడిలో వేసుకుని, మోచేతులు ఒంటికి ఆనించి, చిన్న అల్లు పుల్లతో కంటికి కన్ను కలుపుతున్నారు. కాసేపటికోసారి పుల్ల కింద పెట్టి వేళ్లు విదిలించుకుంటున్నారు. రోజంతా అదే పని చేసేవాళ్లకే ఆ విశ్రాంతి కావాలంటే మనకెంత కావాలి? మేమూ ఇప్పుడు ఇరవై నిమిషాలకు ఒకసారి లేస్తున్నాం. రాత్రిళ్లు వేళ్లు మొద్దుబారినా, బొటనవేలి మొదట్లో వాచినా సూదులు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పోండి. బామ్ రాసి నెట్టుకు రావద్దు.

మరి మన పట్టుతో?

ఈ ప్రశ్న మాకు ముందే వచ్చింది. మనం పండించే గూళ్ల నుంచి రీలర్లు తీసే దారం మగ్గానికి పోతుంది. చేత్తో అల్లడానికి వచ్చే పట్టు నూలు ఎక్కువగా వేరే దారిలో వస్తుంది. చిలుక బయటికొచ్చి చిల్లు పడిన గూళ్లు, రీలింగులో మిగిలిన వ్యర్థం, ఇవన్నీ దూదిలా చేసి వడికిన నూలు అది. ప్యారీస్‌లో ఒక చిన్న చిలప దొరికితే ఆశ ఆపుకోలేక కొన్నాం.

నేర్చుకునేవాళ్లు మాత్రం పట్టుతో మొదలుపెట్టొద్దు. పట్టు పండించే మేమే చెప్తున్నాం. ఉన్ని సాగుతుంది, సూది దూర్చినప్పుడు కాస్త ఇస్తుంది. పట్టు, నూలు అంతగా సాగవు, ఆ బిగువంతా చేతికే వస్తుంది. పైగా పట్టు జారుతుంది. స్టీలు సూది మీద పట్టు వేసి చూశాం, పది కుట్లలో నాలుగు కిందికి పోయాయి. వెదురు మీద నిలిచాయి. కాబట్టి చేయి బిగువైనా, వదులైనా, పట్టుకు వెదురే. ముందు ఊలుతోనో మెత్తటి అక్రిలిక్‌తోనో నెల రోజులు అల్లి చేయి కుదిరాక పట్టు పట్టండి.

మన షెడ్డుకు జాగ్రత్త

ఊలుకు పురుగు పట్టకుండా కలరా ఉండలు వేస్తాం కదా, ఆ పెట్టె షెడ్డు దరిదాపుల్లో ఉండకూడదు. ఆ వాసన మన పురుగులకు విషం. ఊలు మీద పురుగుల మందు కొట్టడం అసలే వద్దు. నొప్పికి బామ్ రాసుకున్న చేత్తో మేత వెయ్యకండి, సబ్బుతో కడుక్కుని పోండి. బ్లీచింగు, సున్నం పని చేసిన రోజు వేళ్లు చిట్లి గరుకుగా ఉంటాయి, ఆ చేత్తో పట్టు నూలు ముట్టుకుంటే పోగులు లేస్తాయి. కొబ్బరి నూనె రాసి, తుడుచుకుని, మర్నాడు అల్లుకోండి. పురుగులు అయిదో వయసులో ఉన్న వారం మాత్రం సూదులు అటక మీదే ఉండాలి. ఇది మా ఇంట్లో ఇప్పుడు కట్టు.

బిడ్డ టోపీ పూర్తయింది. చిన్నామె వెదురు సూదులతో మెత్తటి నూలు టోపీ అల్లింది, మద్రాసు చలికి అది చాలు. పెద్దామె అల్లిన స్వెటరు మొదటి రెండు అంగుళాలు బిగువు, పైన వదులు. చేయి ఎక్కడ మారిందో చూస్తే తెలిసిపోతుంది. విప్పి మళ్లీ అల్లుదామంటే వదిన ఒప్పుకోలేదు, “అట్లే ఉండనీమ్మా” అంది.

పట్టు చిలప మాత్రం సగం టోపీగా వెదురు సూదుల మీదే ఉంది. గురువారం చాకీ పురుగులు దిగుతున్నాయి, కాబట్టి అది అటకెక్కింది. గూళ్లు అమ్మాక దించుతాం. మీలో ఎవరైనా పట్టు నూలుతో అల్లి ఉంటే, ఏ సూది వాడారో, చేయి ఎట్లా ఉందో గ్రూపులో రాయండి. వాయిస్ పెట్టినా సరే.

ఉంటాం. పంట బాగా పండాలి, చేతులు బాగుండాలి.